పెళ్ళిళ్ళ కత్తి

రాచర్ల,
12-6-2023

తమ్ముడు రత్నయ్యకు అక్క గురవమ్మ రాసేది.

ఇక్కడ అందరం బాగుండాం. నువ్వూ, ఫెబీ బాగుండారని తలుస్తా. ఫోను చేయొచ్చు గదా అంటావు. మనిద్దరం ఫోనులో రెండు మాటలు మంచిగా మాట్లాడితే మూడోది తిట్టే అవుతుంది. కాగితమైతే తిట్టు రాసేలోపల కోపం సగం చల్లారుతుంది. అందుకని రాస్తున్నా.

నాయన పోయి మూడు నెలలు దాటింది. ఆయన పొది విప్పి సామాన్లు తీసినాం. కత్తెరలు, గోరుగల్లు, సానరాయి, తోలుపట్టె, రోజూ వాడిన కత్తులు అన్నీ మా పిల్లోడు ఆంజనేయులు గిద్దలూరులో వాని కటింగు షాపుకు తీసుకుపోయినాడు. పెళ్ళిళ్ళ కత్తి ఒక్కటి నీకు పంపుతున్నా. తాత కొన్న కత్తి. పీట మీద కూర్చున్న పెళ్ళికొడుకు గడ్డానికి తప్ప నాయన దాన్ని ఎన్నడూ బయటికి తీసిందే లేదు, నీకు తెలుసు గదా. పోయేముందు నన్ను పిలిచి, "ఆ కత్తి రత్నయ్యకు పంపు" అన్నాడు.

మార్కాపురం బస్సు కండక్టరు చేతికిచ్చినా. తర్లుపాడు రోడ్డు దగ్గర నిలబడి తీసుకో. చుట్టిన గుడ్డ నాకు తిరిగి పంపే పనిలేదు.

మోకాళ్ళు లేవనిస్తలేవు. ఉంటా.

నీ అక్క,
గురవమ్మ

*

తర్లుపాడు,
25-6-2023

దేవుని కృపచేత బ్రతుకుచున్న రాజరత్నం, తోడబుట్టిన గురవమ్మకు శుభమని చెప్పి వ్రాయునది.

అక్కా, నువ్వు ఇంకా రత్నయ్య అనే రాస్తున్నావు. రాయి. ఆ పేరు నాయన పెట్టింది, ఈ పేరు నీళ్ళలో మునిగినప్పుడు వచ్చింది. ఈ పూట రెండింటికీ పలుకుతాను. ఉత్తరాలంటావా, అపొస్తలుడైన పౌలు చేతికి ఫోను ఇచ్చినా ఆయన సంఘాలకు పత్రికలే రాసి ఉండేవాడు. ఫోనులో మాట గాలికి పోతుంది.

కత్తి అందింది. కండక్టరు "ఏంది పెద్దాయనా, ఇంత భద్రంగా చుట్టినారు, బంగారమా?" అన్నాడు. బంగారం కాదు నాయనా, అంతకంటే ఎక్కువది అన్నాను. ఇంటిదాకా గుడ్డ విప్పలేదు. విప్పినాక ఫెబీ ముందర ముసలివాణ్ణి కూర్చొని ఏడ్చాను.

నీకు గుర్తుందో లేదో, నాకు ప్రతి దెబ్బా గుర్తుంది. ఊరి బయట మాలపల్లెలో యోనా పెళ్ళి. మన ఊరి మంగలి అంటే మన నాయనే, ఆయన పల్లె పెళ్ళికొడుక్కి గడ్డం గీయడు. ఆయన తండ్రీ గీయలేదు. పొద్దున్నే మంగలి ఎదురొస్తే పని చెడిందని వెనక్కి తిరిగిన ఊరు మనది. మనల్ని అంత మాటన్న వాళ్ళ గడ్డాలు గీస్తూ, మనకంటే కిందివాళ్ళు ఎవరున్నారా అని వెతుక్కున్న కులం మనది. నాకు ఇరవై నిండాయో లేదో. ఆ పొద్దు పొదిలోంచి పెళ్ళిళ్ళ కత్తి తీసుకొని పల్లెకు పోయి, నా స్నేహితుడు యోనాను పీట మీద కూర్చోబెట్టి గీశాను. ఇంటికొచ్చేసరికి నాయన చింతబరికెతో నిలబడి ఉన్నాడు. ఆ దెబ్బలతోనే గడప దాటాను. ఆ తర్వాత యోనా చెల్లెలు ఫెబీని పెళ్ళాడాను, యేసు పేర బాప్తిస్మం పొందాను. నాయన మళ్ళీ నాతో మాట్లాడలేదు. చచ్చిపోయినాక పాడె కింద భుజం పెట్టబోతే మీ ఆయన పక్కకు నెట్టాడు. "నీది వేరే దోవ" అన్నాడు. ఆ మాట నేను మర్చిపోను, మీ ఆయనకు చదివి వినిపించు.

కానీ ఇప్పుడు చూడు. ఏ కత్తి కోసం కొట్టాడో ఆ కత్తే పంపాడు. బైబిలు కథలో, తప్పిపోయి వచ్చిన కొడుక్కి ఆ తండ్రి వేలికి ఉంగరం తొడిగాడు. నా తండ్రి నోటితో చెప్పలేని మాట ఇనుముతో చెప్పాడు. మొన్న ఆదివారం ప్రార్థన మందిరంలో కత్తి పైకెత్తి చూపించాను. "చూడండ్రా, క్షమాపణ ఎట్లా ఉంటుందో" అన్నాను. పలకల ఫ్యాక్టరీ పనికి నాతోపాటే తర్లుపాడు వచ్చేసిన యోనా ముందు వరుసలో కూర్చొని కళ్ళు తుడుచుకున్నాడు.

కత్తి తోక మీద ఇంగ్లీషు అక్షరాలున్నాయి. కూడబలుక్కుంటే షెఫీల్డ్ అని వచ్చింది. మిగతావి అరిగిపోయాయి. తాతకు ఇది ఎక్కడిది? నీకేమన్నా తెలిస్తే రాయి. పాత కత్తుల గురించి యూట్యూబులో చెప్పే గోవర్ధన్ గారని హైదరాబాదులో ఉన్నాడు. ఆయనకు ఫోటోలు పంపాను.

పలకల ఫ్యాక్టరీ మూతపడ్డా, దాని దుమ్ముతో వచ్చిన నా దగ్గు మూతపడలేదు. కృప నీకు తోడైయుండును గాక.

నీ తమ్ముడు,
రాజరత్నం

*

రాచర్ల,
20-7-2023

తమ్ముడు రత్నయ్యకు,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు పక్కన పెట్టినా. నీ బావకు చదివి వినిపించలేదు, ఇంట్లో ఇంకొక కొట్లాట ఎందుకు.

కత్తిని మందిరంలో ఎత్తి చూపిస్తివంట. నువ్వు రాయకముందే ఇక్కడికి మాట వచ్చింది. ఆటోవాడు చెప్పినాడు, "మీ తమ్ముడు మీ నాయన కత్తి పట్టుకొని శానా బాగా మాట్లాడినాడంట పెద్దమ్మా" అని. రత్నయ్యా, అది నీకు ఇచ్చినాం, పెట్టెలో పెట్టుకో. దాని మీద ప్రసంగాలు ఎందుకు? ప్రసంగానికి నీ పుస్తకంలో కథలు తక్కువైనాయా? నీ నోరే ఒక కత్తి, చిన్నప్పటినుంచి దానికి సాన అక్కరలే.

తాతకు ఎక్కడిదంటే, మద్రాసు పోయినప్పుడు మూర్ మార్కెట్లో కొన్నాడని అవ్వ చెప్పేది. దొర ఇచ్చినాడని ఇంకొకసారి చెప్పేది. అవ్వ మాట నీకు తెలుసు గదా, ఒక రోజు ఉన్నది ఇంకో రోజు ఉండదు.

ఫెబీకి చెప్పు, గిన్నెలు తోమినట్టు చింతపండు, బూడిద పెట్టి తోముతుందేమో. పులుపు తగిలితే ఆ అక్షరాలు కూడా పోతాయి. పొడిగుడ్డతో తుడిచి, కొబ్బరినూనె చుక్క రాసి, పొడిగా ఉండేచోట పెట్టమను.

ఈ ఏడు కూడా మాకు వాన లేదు. బోరులో నీళ్ళు తక్కువ, మాటలు ఎక్కువ. నాయన కట్టేసుకున్న ముసలి మేక ఇంకా ఆయన మంచం దగ్గరికే పోయి పడుకుంటుంది.

నా మాట విను. కత్తి సంగతి ఇంతటితో వదిలెయ్.

అక్క

*

తర్లుపాడు,
10-8-2023

అక్క గురవమ్మకు, నీ మాటల్లో దాగినది చూడగలిగిన తమ్ముడు వ్రాయునది.

వదిలెయ్ అంటావా? తప్పిపోయిన కొడుకు ఇంటికొస్తే, లోపలికి రాకుండా పొలంలోనే అలిగి నిలబడ్డ పెద్దకొడుకు ఒకడున్నాడు. నాయనను అన్నేళ్ళు సాకింది నువ్వు. మలమూత్రాలు ఎత్తింది నువ్వు. చివరికి కత్తి నాకొచ్చింది. నీకు బాధగా ఉండదని అననులే. కానీ బాధ వేరు, అసూయ వేరు. తమ్ముణ్ణి చంపిన కయీను కూడా బాధనుకొనే మొదలుపెట్టాడు.

గోవర్ధన్ గారు ఫోను చేశాడు. మొదట నన్నే తిట్టాడు. నేను కత్తిని బైబిలు తోలుకవరులో పెట్టి దాచాను, అంతకంటే పవిత్రమైన చోటేముందని. "అయ్యా, తోలు చెమ్మ పట్టుకుంటుంది, తీసెయ్యండి" అన్నాడు. తీసి చూస్తే అంచు దగ్గర మిరపగింజంత తుప్పు చుక్క. ఆయన చెప్పినట్టు మెత్తగుడ్డతో, నూనెతో నెమ్మదిగా తుడిస్తే పోయింది. ఇప్పుడు నూలుగుడ్డలో, అటక మీద, పొడిగా ఉంది. కత్తి ఇంగ్లండులోని షెఫీల్డులో చేసిందేనట, నూరేళ్ళకు తక్కువ ఉండదట. పిడి గేదెకొమ్ముదట.

ఇక అసలు సంగతి విను, వినాలని లేకపోయినా విను. ఆయన కొలత అడిగాడు. స్కేలు పెట్టి చెప్పాను.

"తరాలుగా పెళ్ళిళ్ళు చేసిన కత్తి అన్నారు కదా?" అన్నాడు.

"అవును."

"అంతకాలం పని చేసిన కత్తి సానరాయి మీద అరిగి అరిగి చిటికెన వేలి కంటే సన్నబడుతుంది. ఇది ఇంకా నిండుగా ఉంది. ఎప్పుడో పని ఆపేశారు దీన్ని. ఊరికే ఆపేసి పడేసుంటే తుప్పు తినేసేది. ఎవరో పనిగట్టుకొని, ఏళ్ళ తరబడి నూనె రాసి కాపాడారు. ఇట్లా కాపాడిన కత్తిని నేను చూడలేదు. ఎవరండీ ఆయన?"

"మా నాయన" అన్నాను.

అర్థమైందా అక్కా? యోనా పెళ్ళి తర్వాత నాయన ఆ కత్తిని ఇంకే పెళ్ళికొడుకు ముఖానికీ పెట్టలేదు. నేను చివరిసారి పట్టిన కత్తిని నా చేతి జాడ పోకుండా దాచాడు. నోరు మూసుకొని, కొడుకు కోసం, ముప్పై ఏళ్ళకు పైగా. మీరంతా ఆయన రాయి అనుకున్నారు. రాయి లోపల ఊట ఉందని మోషేకు తెలిసినట్టు నాకు ఇప్పుడు తెలిసింది.

నాయన సంవత్సరీకానికి నేను వస్తున్నాను. మీ పిండాలకు కాదు. రచ్చకట్ట దగ్గర నిలబడి, కత్తి చేతబట్టి, ఊరందరి ముందర చెప్తాను, ఆదెయ్య తన కొడుకును క్షమించాడని. మీ ఆయన్ను కూడా వచ్చి వినమను.

రాజరత్నం

*

రాచర్ల,
24-8-2023

రత్నయ్యా,

నువ్వు రావొద్దు. వచ్చినా ఆ మాట అనొద్దు. నన్ను కయీను అన్నావు, సరే, పడతా. కానీ ఊరి నడుమ నిలబడి నువ్వు నవ్వులపాలు కావడం నేను చూడలేను. ఇంక దాచి లాభం లేదు, నీ తోకకు నువ్వే నిప్పు పెట్టుకుంటున్నావు.

నాయన చెప్పిన మాట నీకు సగమే రాసినా. మొత్తం ఇది. "ఆ కత్తి రత్నయ్యకు పంపు. వాడు అంటించిన మైల వాని ఇంటికే పోవాల. ఆంజనేయులు పొదిలో కలిపినావంటే వాని షాపు మూతపడుతుంది." ఇదీ ఆయన అన్నది. గొంతు సరిగా రాకున్నా ఇది మాత్రం రెండుసార్లు అన్నాడు. మొదటి ముక్క నీకు రాస్తే సంతోషపడతావు, మిగతాది మట్టిలో పోతుందిలే అనుకున్నా. నువ్వు దాన్ని మందిరంలో ఎత్తుతావని నాకేం తెలుసు?

నూనె ఎందుకు రాసినాడు అంటావు. నేను చూసినా గదా. పుల్లతో ఆ కత్తిని తెరిచేవాడు. పేలిక చుట్టిన ఇంకో పుల్లతో నూనె పూసేవాడు. చేత్తో ముట్టింది లేదు. ఆ పేలిక కాల్చేసి, బాయికాడికి పోయి నీళ్ళు పోసుకొని ఇంట్లోకి వచ్చేవాడు. "ఎందుకు నాయనా ఈ బాధ, పారెయ్ గదా" అంటే, "మా నాయన కొన్న ఇనుము తుప్పు పడితే నాకు పాపం" అన్నాడు. తాత కొన్నదాన్ని పారేయలేకపాయె. పల్లెలో తగిలినదాన్ని వాడలేకపాయె. అంతే. నీ చేతి జాడ కోసం కాదు.

ఇంకొకటి కూడా విను. నాయనను నువ్వు తిడతావని నాకు తెలుసు. యోనా పెళ్ళి నాడు పొద్దుకూకకముందే ఊళ్ళో నలుగురు వచ్చి మా గడప ముందర నిలబడినారు. "ఆదెయ్యా, రేపు మా పిల్లోని పెళ్ళి. ఏ కత్తి తెస్తావో చూసి తే" అన్నారు. ఆయన కొత్త కత్తి కొనుక్కొచ్చి వాళ్ళ ముందర సాన పట్టి చూపించినాడు. నువ్వు అప్పటికే పల్లెలో ఉంటివి. నీకు పల్లె దొరికింది. ఆయనకు ఆ ఊరే గదా బతుకు. ఆ సంగతి ఊళ్ళో ముసలోళ్ళందరికీ తెలుసు. వాళ్ళ ముందర నిలబడి క్షమించినాడు అంటావా? నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వుతారు.

ఏడవొద్దు. నేను కూడా ఏడుస్తలేను.

అక్క

*

తర్లుపాడు,
5-9-2023

అక్కా,

దీవెనలు ఏమీ రాయను ఈసారి.

నీ ఉత్తరం ఫెబీ ముందు చదివాను. ఆమె చాటలో బియ్యం చెరుగుతూ, ఆపకుండా, "నాకు తెలుసులే" అంది. ఎట్లా తెలుసే అన్నాను. "మీ నాయన నా చేతి నీళ్ళు తాగకుండానే పోయినాడు. కత్తికి ఒక నీతి, నీళ్ళకు ఒక నీతి ఉంటుందా? నువ్వు సంతోషంగా ఉండావని ఊరుకున్నా" అంది. ఇద్దరు ఆడోళ్ళు నాకు అబద్ధం పెట్టి పోషించారు. ముసలితనంలో పాలు పట్టినట్టు.

ప్రవక్తకు దేవుడు ఏది చెప్తే అది దాచకూడదు. చేదైనా మింగి చెప్పాలి. ఆదివారం మందిరంలో నిలబడి నిజం చెప్పాను. మొదట చెప్పింది తప్పు, నా తండ్రి క్షమించలేదు, మీ గడ్డం తగిలిందని దీన్ని పుల్లతో ముట్టాడు అని అందరి ముఖాల్లోకి చూసి చెప్పాను. చెప్పి, మందిరం ముందు స్టూలు వేశాను. ముందు రోజే క్వారీలోంచి మంచి నున్నటి పలకరాయి తెచ్చి కత్తికి సాన పట్టి ఉంచాను. "రండి, ఒక్కొక్కరే కూర్చోండి. ముప్పై ఏళ్ళ మైల అన్నదాన్ని ఈ పొద్దు మీ ముఖాల మీదనే కడుగుతాను. మొదట యోనా బావ" అన్నాను.

ఎవరూ కదల్లేదు. యోనా లేచాడు. స్టూలు దాకా వచ్చాడు. కూర్చోలేదు.

"బావా, నా పెళ్ళి నాడు నువ్వు గీస్తుంటే పల్లెంతా చుట్టూ నిలబడి చూసినారు. మా వాళ్ళల్లో పెళ్ళికొడుక్కి మంగలి వచ్చి గీసింది అదే మొదలు. మా నాయన ఆ పూట నన్ను చూసి 'దొర మాదిరి ఉండావురా' అన్నాడు. అన్నేండ్లు ఆ మాట నా దగ్గర ఉండింది" అన్నాడు.

"అందుకే గదా కూర్చోమంటున్నా."

"ఉండు, చెప్పనీ. ఇప్పుడు నువ్వు వచ్చి, ఆ గడ్డం తగిలిందని మీ నాయన దాన్ని పుల్లతో ముట్టి స్నానం చేసేవాడని చెప్తివి. పిల్లల ముందర, నా మనవరాలి ముందర చెప్తివి. నా పెళ్ళిని కూడా మైల చేస్తివి గదయ్యా. చెప్పకుంటే ఏమైతుండె?"

"నిజం చెప్పాలి గదా బావా."

"నిజం నీకు కావాల. మీ నాయన పాపం కడుక్కోను మా గడ్డాలే దొరికినాయా నీకు? మార్కాపురంలో ఏసీ షాపుంది, పోతే సార్ అని కుర్చీ చూపిస్తాడు. మాకు గడ్డం పెరిగి కాదు గదా నువ్వు పిలిచింది. ఆ రోజు నా కోసం గీసినావు. ఈ రోజు నీ కోసం గీస్తానంటున్నావు. నేను కూర్చోను."

అని వెళ్ళిపోయాడు. ఆయన వెనక అందరూ పోయారు. ప్రార్థన కూడికల్లో ఎంతమందిని గద్దించాను అక్కా, ఎంతమంది తలలు వంచాను. ఆ పొద్దు స్టూలు పక్కన కత్తి పట్టుకొని నేనొక్కడినే నిలబడ్డాను. ఊరికుక్క ఒకటి వచ్చి స్టూలు వాసన చూసి పోయింది.

నేను సంవత్సరీకానికి రాను. భయపడకు.

రాజరత్నం

*

రాచర్ల,
1-10-2023

తమ్ముడు రత్నయ్యకు,

నీ ఉత్తరం చదివినాక అన్నం సహించలేదు. యోనా మంచి మనిషి, కోపంలో అన్నాడు, మళ్ళీ వస్తాడు.

ఒక మాట అడుగుతా, తిట్టొద్దు. ఆ హైదరాబాదాయన మన కత్తి వీడియో పెట్టినాడంట. ఆంజనేయులు చూసినాడు. వాడు గిద్దలూరులో షాపు పెద్దది చేస్తున్నాడు, అద్దాలు, లైట్లు, తిరిగే కుర్చీలు. కత్తిని గాజుపెట్టెలో పెట్టి గోడకు బిగిస్తాడంట, కింద తాత పేరు రాయిస్తాడంట. "మన వంశం ఎన్ని తరాలనుంచి ఈ పనిలో ఉందో జనాలకు తెలియాల అమ్మా, మామను అడుగు" అంటున్నాడు. మరి మా నాయన అన్న మాట ఏమిరా అంటే, "ఈ కాలంలో మైల ఏందమ్మా, నా కుర్చీలో అందరూ కూర్చుంటారు" అంటాడు. నాకు కూడా సబబే అనిపించింది. గాజులో ఉంటే ఎవరి ముఖానికీ తగలదు గదా. నీ దగ్గర ఉండి నిన్ను పొడుస్తా ఉండేదానికంటే అది మేలు. చెడకుండా కూడా ఉంటుంది.

బస్సులో పంపు. లేదా వాడే బండి మీద వస్తాడు. వాని మీద కోపం పెట్టుకోవద్దు, వాడు పిల్లోడు.

నీ అక్క,
గురవమ్మ

*

తర్లుపాడు,
15-10-2023

అక్క గురవమ్మకు రత్నయ్య వ్రాయునది.

కత్తి పంపను.

ఆంజనేయులు మీద నాకు కోపం లేదు. వాడి కుర్చీలో అందరూ కూర్చుంటున్నారు, అది నేను ఇన్నేళ్ళు చెప్పిన ప్రసంగాల కంటే గొప్ప పని. వాణ్ణి దీవించానని చెప్పు. కానీ తాత పేరు రాసి, దీపం పెట్టి, ఎవరి ముఖానికీ తగలకుండా గాజులో బిగించడం అంటే నాయన పుల్లతో చేసినదాన్నే కరెంటు దీపాలతో చేయడం. నువ్వే రాశావు, ఎవరికీ తగలదు గదా అని. ఆ మాట రాసేటప్పుడు నీ చెయ్యి ఆగలేదా అక్కా? చూసినవాళ్ళు ఎంత బాగా కాపాడినారో అంటారు. ఎందుకు కాపాడినారో గోడ మీద ఎవడు రాస్తాడు?

యోనా మళ్ళీ రాలేదు. దారిలో ఎదురైతే ముక్తసరిగా ఒక మాట మాట్లాడి పోతున్నాడు. ఆయన అన్నదాంట్లో ఒక్క అక్షరం తీసెయ్యలేను. ఇంకొకరి ముఖం మీద నా ఇంటి పాపం కడగను.

నా ముఖం ఉంది. రోజూ పొద్దున పలకరాయి మీద సాన పట్టి నేనే గీసుకుంటున్నాను. అద్దం పట్టుకొనేది ఫెబీ. చెయ్యి వెనకటిలా లేదు, గడ్డం కింద రెండుచోట్ల తెగింది. ఆమె పసుపు అద్ది, "బ్లేడు పెట్టుకొని గీసుకోవయ్యా, ఈ పంతం ఎవరి మీద?" అంటుంది. నాయన మీద. ఇంకెవరి మీద?

గోవర్ధన్ గారికి ఈ సంగతి తెలిసి ఫోను చేశాడు. "అయ్యో, రోజూ సాన పట్టకండి సార్, ప్రతిసారీ ఉక్కు పోతుంది. ఇట్లాంటిది మళ్ళీ దొరకదు" అన్నాడు. దొరకొద్దనే సాన పడుతున్నాను అన్నాను. మంచివాడు, బాధపడ్డాడు. ఆయనకు నేనేం చెప్పేది?

అరుగుతోంది అక్కా. పలకరాయి మీద నల్లటి చార పడుతుంది. నీళ్ళు పోస్తే వాకిట్లోకి పోయి మట్టిలో ఇంకిపోతుంది. మొదట్లో ఆ చార చూసి సాన ఆపేసేవాణ్ణి. తాత డబ్బు పెట్టి కొన్న ఉక్కు, నాయన పాపమనుకొని కాచిన ఉక్కు. ఇప్పుడు ఇంకొంచెం గట్టిగా పడుతున్నాను. నేను పోయేలోపల దీన్ని దారంత చేస్తాను. ఆ తర్వాత ఆంజనేయులు అడిగినా ఇవ్వడానికి ఏమీ ఉండకూడదు.

రాజరత్నం